మోటారుకారు ఇంజనులో టకటక: కారణము తెలిసికొని కుదుర్చుకొనుట

ఎద్దు కుంటుచున్నచో కాలు విరిగినదని ఏ రైతును తోడనే నిశ్చయింపడు. ముందు గిట్ట యెత్తి చూచును. ముల్లు గ్రుచ్చుకొన్నదో, నాడా వదులైనదో, గిట్టల నడుమ రాయి చిక్కినదో పరీక్షించిన పిమ్మటనే పశువైద్యుని యొద్దకు తోలుకొనిపోవును. కాని యింటిముందున్న కారు ఎత్తు ఎక్కునపుడు టకటకమని చప్పుడు చేసినచో, ఆ రైతే ఏ పరీక్షయు లేకుండ దానిని దుకాణములో విడిచి, ఇంజను విప్పుటకు ఒప్పుకొని వచ్చుచున్నాడు.

ఇట్టి సంగతి యొకటి మా కార్యాలయమునకు అప్పు దరఖాస్తు రూపమున వచ్చినందున ఈ వ్యాసము వ్రాయ పూనుకొంటిమి. పరకాల వైపు గ్రామమునకు చెందిన సభ్యుడొకరు కార్బురేటరు గల పాత పెట్రోలు కారు నొకదానిని ఉంచుకొన్నారు. యాసంగి పనులలో ఆ బండి మూడు నెలలు కొట్టము క్రింద కదలక యుండెను. వైశాఖమాసములో ఒక పెండ్లికి ఆరుగురిని ఎక్కించుకొని పోవుచుండగా, కాజీపేటలో రైలుమార్గము మీది వంతెన ఎక్కునపుడు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్లు ఇంజనులో చప్పుడు పుట్టెను. దుకాణములో చూపగా బోరు అరిగినదనియు, ఇంజను మొత్తము విప్పవలెననియు చెప్పి నలుబది వేల రూపాయలు అడిగిరి. ఆయన మరునాడు సంఘమునకు వచ్చి ఆ మొత్తమునకే అప్పు కోరెను. ఆ దరఖాస్తు ఏమైనదో చివర చెప్పెదము. మొదట ఆ చప్పుడు ఎట్టిదో తెలియవలెను.

పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులోనికి వచ్చును. పిస్టను పైకి వచ్చుచు దానిని నొక్కును. పాత ఇంజనులలో ఏడెనిమిది రెట్లు, నేటి ఇంజనులలో పది మొదలు పండ్రెండు రెట్ల వఱకు ఆ మిశ్రమము నొక్కబడుచున్నది. అపుడు ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టి, మంట అచట మొదలై వరుసగా అవతలి అంచు వఱకు వ్యాపించును. ఇది ఒక్కసారిగా జరుగు ప్రేలుడు కాదు. ఎంత వేగమైనను, ఒక క్రమము గల దహనమే. ఆ క్రమముననుసరించి పుట్టిన ఒత్తిడి పిస్టనును మెత్తగా క్రిందికి త్రోయును.

కోసిన పొలములో కొయ్యకాలుకు ఒక గట్టున నిప్పు పెట్టినచో మంట వరుసగా సాగి రెండవ గట్టు చేరును. (కొయ్యకాలు కాల్చవలదని ఈ పత్రికలోనే పలుమారులు వ్రాసితిమి. ఇది పోలిక కొఱకు మాత్రమే.) అట్లు కాక, మంట ఇంకను నడుమ నుండగనే, వేడికి తాళలేక రెండవ గట్టున నున్న గడ్డి తనంత తానే ఒక్కుమ్మడిగా భగ్గుమన్నదనుకొనుడు. సిలిండరులో టకటక పుట్టుట సరిగా ఇట్టిదే. ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మూలనున్న మిశ్రమము వేడికిని ఒత్తిడికిని తనంత తానుగా అంటుకొనును. అపుడు పుట్టు ఒత్తిడి అలలు సిలిండరు గోడలను సుత్తితో కొట్టినట్లు కొట్టును. మనకు వినబడు చప్పుడు అదియే. మెకానిక్కులు దీనిని నాకింగనియు, పింగింగనియు అందురు.

ఎప్పుడో ఒకసారి ఎత్తుమీద రెండు క్షణములు వినబడి పోయినచో భయపడ పనిలేదు. నెలల తరబడి అట్లే నడిపినచో మాత్రము పిస్టను తల గుంటలు పడును, రింగులు విఱుగును, సిలిండరు తలక్రింది గ్యాస్కెట్టు కాలిపోవును. అప్పుడు ఇంజను విప్పక తప్పదు. కావున ఈ చప్పుడును నిర్లక్ష్యము చేయుటయు తప్పే, వినిన దినముననే ఇంజను విప్పించుటయు తప్పే.

ఈ వ్యాధి మోటారుకారంత పాతది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అను ఇంజనీరు కారును విద్యుత్తుతో స్టార్టు చేయు పద్ధతిని 1912లో వాడుకలోనికి తెచ్చెను. టకటకకు ఆయన అమర్చిన విద్యుత్తు పరికరములే కారణమని కొందఱు నిందింపగా, కారణము పెట్రోలులోనే కలదని నిరూపించుటకు ఆయన పూనుకొనెను. ఇంగ్లాండులో హ్యారీ రికార్డో అను నాతడును వేఱుగా పరిశోధించి ఆ సంగతినే చెప్పెను. కెట్టరింగ్ క్రింద పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ 1921 డిసెంబరులో, సీసము గల యొక ద్రవమును పెట్రోలులో కొంచెము కలిపినచో చప్పుడు ఆగిపోవునని కనిపెట్టెను. లోకమున పెక్కు దేశములలో పలు దశాబ్దములు ఆ పెట్రోలే సాగినది. అయితే సీసము విషము. పొగతో గాలిలో కలిసి పిల్లల మెదడును చెఱచినది. మిడ్జ్‌లీ స్వయముగా ఆ విషము సోకి జబ్బుపడినవాడే. మన దేశములో 2000 సంవత్సరము ఫిబ్రవరి నుండి సీసపు పెట్రోలు అమ్మకము నిలిచినది. చివరి దేశమైన అల్జీరియా 2021లో మానివేసినది. ఇప్పుడు సీసమునకు బదులు ఆ పని చేయుచున్న వస్తువులలో ముఖ్యమైనది, మన చేలలో పండు మొక్కజొన్ననుండియు నూకలనుండియు చెఱకునుండియు తీయు ఎథనాలు. మొక్కజొన్న పండించు సభ్యుడు తన పంటనే తన కారు ట్యాంకులో పోసికొనుచున్నాడనుట అతిశయోక్తి కాదు.

పెట్రోలునకు తనంత తాను అంటుకొనక నిలుచు శక్తి యెంత కలదో తెలుపు కొలతను ఆక్టేను సంఖ్య అందురు. హెప్టేను అను ద్రవము తేలికగా టకటకలాడును గనుక దానికి 0 అనియు, ఐసో ఆక్టేను అనునది గట్టిగా నిలుచును గనుక దానికి 100 అనియు పెట్టి, తక్కినవానిని ఆ రెంటితో పోల్చి చూతురు. దేశమంతట 2020 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన భారత్ ఆరవ ప్రమాణము ప్రకారము సాధారణ పెట్రోలునకు 91 తక్కువ కాకూడదు. నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిపిన పెట్రోలునకు ఈ సంఖ్య 95. ఎథనాలు వలన మైలేజి కొంత తగ్గును, పాత బండ్లలో రబ్బరు గొట్టములు త్వరగా చెడవచ్చును. ఈ రెండు ఫిర్యాదులును నిరాధారములు కావు. కాని టకటక విషయములో మాత్రము ఎథనాలు తోడ్పడునదే గాని చెఱచునది కాదు. ఎథనాలు వచ్చిన నాటినుండి ఇంజను కొట్టుకొనుచున్నదని చెప్పువారు కారణమును వేఱొకచోట వెదకుట మేలు.

ఇక చప్పుళ్లను వేఱుపఱచి గుర్తించుట. ఇందులోనే సొమ్ము మిగులుటయు పోవుటయు నున్నది గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము. చెవికి అన్ని చప్పుళ్లును టకటకయే. కాని అవి ఎప్పుడు వచ్చుచున్నవో గమనించినచో తేడా తెలియును.

పైన చెప్పిన నాకింగు బరువు పడినపుడే వచ్చును. ఇంజను వేడెక్కి యుండును, బండి నిండ మనుషులుందురు, ఎత్తు ఎక్కుచుండును, లేదా పై గేరులో నెమ్మదిగా పోవుచు ఒక్కసారిగా ఆక్సిలరేటరు త్రొక్కుదుము. అపుడు పలుచని లోహపు గలగల వినబడును. కాలు తీసిన తోడనే ఆగిపోవును. బండి నిలిపి యుంచి ఖాళీగా రేసు ఇచ్చినచో సాధారణముగా వినబడదు. దుకాణము ముందు బండి నిలిపి, బానెట్టు ఎత్తి, రేసు ఇచ్చి చూచి రోగము నిర్ణయించు మెకానిక్కునకు ఇది ఎన్నటికిని చిక్కదు. ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఎత్తు ఎక్కించి వినిపింపవలెను.

టాపెట్టుల చప్పుడు వేఱు. అది కుట్టుమిషను వలె సన్నగా, క్రమముగా టిక్ టిక్కుమనుచు ఇంజను తల పైభాగమున వినబడును. బండి నిలిచి యున్నను వచ్చును, రేసుతోపాటు వేగము హెచ్చును, బరువుతో సంబంధముండదు. ఉదయము స్టార్టు చేసిన కొంతసేపు వినబడి నూనె ఎక్కిన పిమ్మట తగ్గినచో తొందఱ లేదు. తగ్గకున్నచో ఆయిలు మట్టము చూచి, సందులు సరిచేయింపవలెను. పని చిన్నది.

మూడవది కనెక్టింగు రాడ్డు బేరింగు చప్పుడు. దీనిని మాత్రము ఉపేక్షింపరాదు. ఇది ఇంజను అడుగుభాగమున ధన్ ధన్ మని, తలుపు వెనుకనుండి గుద్దినట్లు లోతుగా నుండును. ఖాళీగా రేసు ఇచ్చినను వినబడును, కాలు తీసినపుడు మఱింత స్పష్టమగును. దీనితోపాటు ఆయిలు దీపము వెలిగెనా, ఇంజను ఆ క్షణమే ఆపవలెను. ఇంటికి రెండు మైళ్లే కదా యని నడిపినచో రాడ్డు విఱిగి బ్లాకును పగులగొట్టును. త్రాడు కట్టి లాగించుకొని రండు. నిజముగా ఇంజను విప్పవలసిన చప్పుడు ఇదియే.

ఇవి కాక సైలెన్సరు మీది రేకు వదులైనను, ఇంజనును పట్టియుంచు రబ్బరు దిమ్మ పగిలినను అచ్చముగా ఇంజను కొట్టుకొన్నట్లే వినబడును. ఒక బోల్టు బిగించినంత మాత్రమున మాయమైన నాకింగులను మేము చూచియున్నాము.

చప్పుడు నాకింగే యని తేలినచో పెట్రోలుతో మొదలుపెట్టవలెను. చప్పుడు ఎప్పుడు మొదలైనది, అంతకు ముందు పెట్రోలు ఎచట పోయించితిరి, డబ్బాలోనిది ఏమైన పోసితిరా అను మూడు ప్రశ్నలతో సగము కేసులు తేలిపోవును. కిరసనాయిలు కొంచెమే కలిసినను ఆక్టేను చాల పడిపోవును. గ్రామములో సీసాలలో అమ్ము పెట్రోలు కొనకుండుట మంచిది. పంపులో అనుమానము కలిగినచో ఫిల్టరు కాగితము పరీక్ష అడుగుటకు ప్రతి కొనుగోలుదారునకును హక్కు కలదు. గొట్టము కొన తుడిచి కాగితముపై ఒక చుక్క వేయించుడు. రెండు నిమిషములలో మరక మిగులకుండ ఆరిపోవలెను. నూనె మరక నిలిచినచో కల్తీ యని అనుమానింపవలసినదే. ఈ పరీక్షకు చిక్కని కల్తీలును కలవు గనుక, సాంద్రత చూపుమని కూడ అడుగవచ్చును. ఆ దినము పంపులో వ్రాసి యుంచిన సాంద్రతకును, మీ యెదుట కొలిచి 15 డిగ్రీలకు సరిచూచిన సాంద్రతకును ఘనమీటరునకు 3 కిలోలకు మించి తేడా యుండరాదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కూడ పెట్రోలు పంపులు పొందుటకు 2023లో కేంద్ర ప్రభుత్వము అవకాశము కల్పించినది. పంపు సంఘముదైనను ఈ పరీక్షలు అడుగుటకు మొగమాట పడవలదు.

ట్యాంకులో నీరు చేరుట మఱియొక చిక్కు. ఎథనాలు నీటిని ఇముడ్చుకొనును. గాలిలోని తేమ మాత్రమే అయినచో సాధారణముగా ఇబ్బంది రాదు. కాని మూత సరిగా పడక వాననీరు దిగినను, తడి డబ్బాతో పోసినను, ఒక హద్దు దాటిన పిమ్మట ఎథనాలు నీటితో కలిసి అడుగునకు దిగిపోవును. ట్యాంకు అడుగునుండి పీల్చు ఇంజను ముందు ఆ నీళ్ల సారాయమును త్రాగి తడబడి, ఆగి ఆగి నడచును. ఆ పిమ్మట పైన మిగిలిన పెట్రోలు వచ్చును. దానిలోని ఎథనాలు పోయినది గనుక దాని ఆక్టేను తగ్గి టకటక మొదలగును. మొదట తడబాటు, తరువాత టకటక యను వరుస కనబడినచో సీసాలోనికి కొంచెము పెట్రోలు దింపి వెలుతురులో చూడుడు. రెండు పొరలు కనబడినచో ట్యాంకు పూర్తిగా దింపించుట తప్ప వేఱు మందు లేదు. పైన క్రొత్త పెట్రోలు పోసినంత మాత్రమున కుదురదు.

పెట్రోలు మంచిదే యైనచో నడుపువాని కాలును చూడవలెను. పెట్రోలు ఆదా యగునని కొందఱు గంటకు ముప్పది కిలోమీటర్ల వేగముననే నాలుగవ గేరు వేసి ఎత్తు ఎక్కింతురు. ఇది నిండు బండికి ఒంటియెద్దును కట్టినట్లు. గేరు ఒకటి దింపినచో ఇంజను వేగము హెచ్చి, ఒక్కొక్క దెబ్బకు పడు బరువు తగ్గి, చప్పుడు ఆగును. గేరు దింపగానే పూర్తిగా ఆగిపోయినచో తొంబది పాళ్లు యంత్రములో దోషము లేనట్లే.

తరువాత వేడి. మన ఓరుగల్లు ప్రాంతమున వేసవి ఎండ నలుబది డిగ్రీలు దాటుట మామూలే. లోనికి పీల్చు గాలియే అంత వేడిగా నున్నపుడు మిశ్రమము తనంత తాను అంటుకొనుటకు సగము సిద్ధమైయుండును. ఇంజను చల్లారిన పిమ్మట మాత్రమే రేడియేటరు మూత తీసి మట్టము చూడవలెను. వేడి మీద తీసి మొగము కాల్చుకొన్నవారు కలరు. బోరునీరు పోయుట మన వారికి అలవాటు. మన బోరునీటిలోని ఉప్పులు లోపల పొలుసు కట్టి గొట్టములను పూడ్చును. శుద్ధినీటితో కలిపిన కూలంటునే పోయవలెను. రేడియేటరు రేకుల సందులలో పత్తిపింజలును చెత్తయు చిక్కుకొని గాలిని ఆపుచుండును. పత్తి కాలములో ఎనుమాముల మార్కెటునకు పోయి వచ్చు బండ్లకు ఇది తఱచుగా కనబడును. లోపలివైపునుండి వెలుపలికి నీరు మెల్లగా కొట్టి కడిగినచో చాలును. ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూచుటయు మరువరాదు.

ఇంతవఱకు చెప్పినవి ఇంటివద్ద చూచుకొనదగినవి. ఇక మెకానిక్కు చేతి పనులు. మొదటిది ప్లగ్గులు తీయించి చూచుట. ప్లగ్గు కొన లేత గోధుమ రంగున నున్నచో దహనము బాగున్నది. తెల్లగా కాలి బొబ్బలు పుట్టియున్నచో వేడి ఎక్కువ, లేదా పెట్రోలు చాలక గాలి మించినది. పింగాణి మీద మిరియపు పొడి చల్లినట్లు చుక్కలున్నను, పింగాణి చిట్లినను అది నాకింగు వ్రాసిన చేవ్రాలే. నూనెతో తడిసి నల్లగా నున్నచో ఆయిలు పైకి వచ్చుచున్నది. ఆయిలు కాలినచో అదియును ఆక్టేనును తగ్గించును. దుకాణములో చౌకగా దొరికినదని ఏదో ప్లగ్గు వేయింపక, తయారీదారు పుస్తకములో వ్రాసిన సంఖ్య గలదానినే వేయింపవలెను. ఒకే ఆకారమున నున్న ప్లగ్గులలో వేడిని త్వరగా వదలునవియు, పట్టియుంచునవియు వేఱువేఱుగా కలవు.

చాల కాలము ఊరి వీథులలో నెమ్మదిగానే తిరిగిన బండికి పిస్టను తలమీద మసి గడ్డకట్టును. దాని వలన స్థలము తగ్గి నొక్కుడు హెచ్చును. మసి నిప్పుకణమువలె ఎఱ్ఱగా కాగి మిశ్రమమును ముందే అంటించుటయు కలదు. దీనికి శుభ్రపఱచు ద్రవములు కలవు. ముందు అవి వాడి చూచి, గుణము లేనపుడే తల విప్పవలెను. ఇంజెక్టర్లు మసిపట్టి పెట్రోలు తక్కువగా చిమ్మినను, గాలిగొట్టము చీలి కొలతకు మించిన గాలి చొరబడినను మిశ్రమము పలుచబడి వేడెక్కి కొట్టుకొనును.

అంబాసిడరు, ప్రీమియరు పద్మిని, కార్బురేటరు కాలపు మారుతి 800 వంటి బండ్లు ఇప్పటికిని కొందఱి యొద్ద నున్నవి. వీనిలో నిప్పురవ్వ పుట్టు కాలమును డిస్ట్రిబ్యూటరు త్రిప్పి సరిచేయుదురు. రవ్వ కావలసినదానికంటె ముందుగా పుట్టినచో మంట పెద్దదగుచుండగా పిస్టను ఇంకను పైకి వచ్చుచునే యుండును, ఒత్తిడి మితిమీరును. బండి చుఱుకుగా నడచుటకని కొందఱు మెకానిక్కులు చెవితో విని కాలమును ముందునకు జరుపుదురు. చెవిని నమ్మక, టైమింగు దీపముతో చూచి పుస్తకములోని డిగ్రీలకు తెప్పింపవలెను. మరీ వెనుకకు జరిపినచో చప్పుడు పోవును గాని బండి బలము పోయి ఇంజను కాగిపోవును.

క్రొత్త కార్లలో ఈ పని కంప్యూటరుది. ఇంజను బ్లాకుకు బిగించిన నాక్ సెన్సారు అను చిన్న బిళ్ల టకటకను మన చెవికంటె ముందే విని తెలుపును. కంప్యూటరు రవ్వను కొంచెము వెనుకకు జరుపును. కావున క్రొత్త బండిలో చెడ్డ పెట్రోలు పడినను చప్పుడు రాకపోవచ్చును. బలము తగ్గుట, మైలేజి పడిపోవుట మాత్రమే కనబడును. సెన్సారు చెడినచో ఇంజను దీపము వెలుగును. అట్టి బండిని కోడు చదువు యంత్రము పెట్టి చూడక విప్పరాదు. టర్బో గల చిన్న ఇంజనులకు తయారీదారు చెప్పిన ఆయిలే పోయవలెను. చెప్పనిది పోసినచో తక్కువ వేగమున ఒక్కసారిగా పెద్ద దెబ్బ పడి పిస్టను పగులుట కలదు. ఇక 100 ఆక్టేను పెట్రోలు ఎక్కువ వెలకు కొని సాధారణ బండిలో పోయుట మాకు దండుగగా తోచుచున్నది. పుస్తకములో అడిగిన సంఖ్యకు మించిన ఆక్టేనుతో ఆ ఇంజనుకు క్రొత్త బలము రాదు.

ట్రాక్టరును, డీజిలు పంపుసెట్టును ఎల్లకాలము టకటకలాడునవే కదా యని సభ్యులు అడుగవచ్చును. నిజమే. డీజిలు ఇంజనుకు ప్లగ్గు లేదు. నొక్కుడు వేడికి డీజిలు తనంత తానే అంటుకొనవలెను. పెట్రోలులో దోషమైనది డీజిలులో ధర్మము. చిమ్మిన డీజిలు వెంటనే అంటుకొనక ఆలసించినచో అంతయు పోగై ఒక్కసారి మండి చప్పుడగును. చలికాలపు ఉదయమున ఎక్కువై వేడెక్కిన పిమ్మట తగ్గుట అందువలననే. వేడెక్కినను తగ్గకున్నచో నాజిలు కారుచున్నదేమో, చిమ్ము కాలము తప్పినదేమో చూపించుకొనవలెను. పొరపాటున డీజిలు ట్యాంకులో పెట్రోలు పడినచో ఇంజను స్టార్టు చేయకముందే దింపివేయవలెను.

మొదట చెప్పిన దరఖాస్తు సంగతి. అప్పు మంజూరు చేయుటకు ముందు ఆ సభ్యుని మేము ఈ ప్రశ్నలనే అడిగితిమి. చప్పుడు ఎత్తు మీదనే వచ్చుచున్నదా? అవును. కాలు తీసిన ఆగునా? ఆగును. ఆయిలు దీపము వెలిగెనా? లేదు. పెట్రోలు ఎచటిది? ఇచట ఆయన కొంత తడబడి, కలుపు కోయు యంత్రమునకు నూనె కలిపి యుంచిన పాత పెట్రోలు నాలుగైదు లీటర్లు మిగిలిపోగా పాఱబోయ మనసొప్పక కారులో పోసినట్లు చెప్పెను. ఆ డబ్బా పూర్వము కిరసనాయిలుదట. రేడియేటరులో నీరు సగమునకు దిగియుండెను.

ట్యాంకు దింపించి, మంచి పెట్రోలు పోయించి, కూలంటు నింపించి, అదే వంతెన ఎక్కించిరి. చప్పుడు మూడు వంతులు తగ్గినది గాని పూర్తిగా పోలేదు. ప్లగ్గులు తీయగా మూడింటిలో రెండు వేఱు సంఖ్యవి. వానిని మార్చి, టైమింగు దీపముతో చూడగా రవ్వ నాలుగు డిగ్రీలు ముందుకు జరిగియుండెను. అదియు సరిచేయించిరి. మొత్తము ఖర్చు రెండు వేలు దాటలేదు. దరఖాస్తును ఆయనే వెనుకకు తీసికొనెను. ఆ కిరసనాయిలు డబ్బాకు ఇప్పుడు ఎఱ్ఱరంగు పూయించి, కలుపు యంత్రమునకు మాత్రమే అని పెద్ద అక్షరములతో వ్రాయించి, కారు నిలుపు చోటికి దూరముగా కొట్టము రెండవ మూలన పెట్టించినాడు.